గది ఉన్నా... పేరు లేదు!

విజయనగరం నుంచి సాలూరు వైపు బస్సెక్కితే దారిలో తగిలే ఊరు గజపతినగరం. పక్కనే చంపావతి నది. రాయపూర్ వెళ్లే రైలుమార్గంలో స్టేషనూ ఉంది. సాలూరు దాటితే ఘాట్‌రోడ్డు, ఆపైన ఒడిశా. ఇలాంటి దారుల్లో ఒకప్పుడు రాత్రికి బస కావాలంటే బస్టాండు దగ్గర టీకొట్టులో అడిగేవారు. ఇప్పుడు ముందుగా ఫోన్లో వెతుకుతున్నారు. అందులో పేరు కనిపించకపోతే గది ఉన్నా లేనట్టే!

మరి, బుకింగ్ కంపెనీయే ఆ పేరు తీసేస్తే? పెద్ద సంస్థలకే తప్పలేదది. ఓయోతో 2018లో కుదిరిన ఒప్పందం వల్ల మేక్‌మైట్రిప్ తమను తొలగించిందని ఫ్యాబ్‌హోటల్స్, ట్రీబో కాంపిటీషన్ కమిషన్‌ను ఆశ్రయించాయి. 2022 అక్టోబరులో కమిషన్ మేక్‌మైట్రిప్-గోఐబిబోకు రూ.223.48 కోట్లు, ఓయోకు రూ.168.88 కోట్లు జరిమానా వేసింది. హోటళ్లను చేర్చుకోవడంలో వివక్ష వద్దంది. ఆ కంపెనీలు అప్పీలుకెళ్లాయి.

లాయర్లను పెట్టుకోగలిగిన వారి సంగతి అది. చిన్న ఊళ్లో ఇంటి మేడమీద రెండు గదులు అద్దెకిచ్చే కుటుంబం ఢిల్లీ దాకా వెళ్లగలదా? తీసేసేముందు కారణం చెప్పాలి, వాళ్ల జవాబూ వినాలి. అడిగేది అంతే! ఈసారి ప్రయాణంలో మంచి బస దొరికితే ఇంటివారి ఫోన్ నంబరు రాసిపెట్టుకోండి. యాప్‌లో పేరు లేకపోయినా నేరుగా అడగొచ్చు.