జ్ఞ చేసిన నేరమేమిటి?

2018 ఫిబ్రవరిలో తెలుగు పేరు ప్రపంచ సాంకేతిక వార్తలలో ఒక్కసారిగా మారుమోగింది. కవిత్వం వల్ల కాదు, ప్రాచీనత వల్లా కాదు, ఒకే ఒక్క అక్షరం వల్ల. ఆ అక్షరం సందేశంలో వస్తే చాలు, యాపిల్ వారి ఐఫోన్లలో వాట్సాప్ వంటి కార్యక్రమాలు కుప్పకూలుతున్నాయని ఆ వార్తల సారాంశం. ఆ అక్షరం ‘జ్ఞా’. జ్ఞానమనే మాటకు మొదటి అక్షరమే యంత్రానికి స్పృహ తప్పించిందంటే, చమత్కరించడానికి ఇంతకన్న అనువైన సందర్భం దొరుకుతుందా?

“మాస్టారూ, మన అక్షరం ఫోన్లను చంపేస్తోందటండీ” అని నా పూర్వవిద్యార్థి ఒకడు ఫోనులో నవ్వాడు. అతడు సాఫ్ట్‌వేరు ఉద్యోగి. నాకు మాత్రం నవ్వు రాలేదు. జ కింద ఞ ఒత్తు ఎలా పెట్టాలో ముప్పై ఏళ్ళపాటు నల్లబల్లమీద రాసి చూపినవాణ్ణి. ఆ అక్షరంమీద హత్యానేరం మోపితే, తీర్పు కంటె ముందు అభియోగపత్రం చదవాలనిపించింది.

చదివితే తేలిందేమిటంటే, మనం నిత్యం రాసుకునే జ్ఞానం, విజ్ఞానం, ఆజ్ఞ ఏ ఫోనుకూ హాని చేయలేదు. కీడు చేసిన వరుస వేరు. జ, పొల్లు, ఞ, ఆ తరువాత కంటికి కనబడని ఒక గుర్తు, చివర దీర్ఘం. ఆ కనబడని గుర్తు మన బ్లాగరులకు కొత్తది కాదు. ‘కలపవద్దు’ అని యంత్రానికి చెప్పే జీరో విడ్త్ నాన్ జాయినర్ అది. అది లేకపోతే ‘సాఫ్ట్‌వేర్’ కాస్తా ‘సాఫ్ట్వేర్’ అయి కూర్చుంటుంది. పొల్లు తరువాత దానికి పని ఉంది. ఒత్తుకూ దీర్ఘానికీ నడుమ దానికి ఏ పనీ లేదు. అంటే అది తెలుగు అక్షరమే కాదు, తెలుగు అక్షరంలో ఇరుక్కున్న అనవసరపు గుర్తు.

మన లిపిలో ఒక విశేషం ఉంది. పలకడంలో దీర్ఘం ఞ తరువాత వస్తుంది, యూనికోడ్‌లో నిలవచేసే వరుసలోనూ అంతే. గీయడంలో మాత్రం అది ఒత్తును దాటి వెనక్కి వెళ్ళి జ తలమీద కూర్చోవాలి. పలకపట్టిన పిల్లవాడికి ఇది రెండు రోజుల్లో పట్టుబడుతుంది. యంత్రానికి మాత్రం అక్షరం అక్షరానికీ ఎవరో ఒకరు ఓపికగా నేర్పాలి. లోపం జ్ఞ ఒక్కదానిదే కాదనీ, తెలుగులో ఇతర సంయుక్తాక్షరాలతోనూ, బెంగాలీ, దేవనాగరి లిపులలోనూ ఇటువంటి వరుసలున్నాయనీ పరిశీలించినవారు ఆ నెలలోనే చూపించారు. అయినా శీర్షికలకు ఎక్కింది తెలుగు అక్షరమే.

యాపిల్ వారు 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి లోపాన్ని సవరించారు. మాక్ కంప్యూటర్లకూ, చేతిగడియారాలకూ, టీవీ పెట్టెలకూ కూడా సవరణలు ఇచ్చారు. వారి భద్రతా ప్రకటనలో ఈ లోపానికి సీవీఈ-2018-4124 అని సంఖ్య ఉంది. అది అక్షరాలను తెరమీద పేర్చే కోర్ టెక్స్ట్ అనే భాగంలోనిది. దురుద్దేశంతో కూర్చిన అక్షరాల వరుస వస్తే యంత్రపు జ్ఞాపకస్థలం చెదిరిపోగలదనీ, లోపలికి వచ్చేదాన్ని ఇకమీదట మరింత జాగ్రత్తగా సరిచూస్తామనీ దాని భావం. గమనించండి, నేరస్థుడి పేరు అక్కడ స్పష్టంగానే ఉంది. అది తెలుగు కాదు, సరిచూసుకోని కార్యక్రమం.

భద్రత అనగానే మనకు దొంగలూ, సంకేతపదాలూ, వైరసులూ గుర్తుకొస్తాయి. నా దృష్టిలో దాని మొదటి సూత్రం బడిపంతులుకు బాగా తెలిసినదే. ఎదుటివాడు తప్పు రాస్తాడని ముందే ఎరిగి ఉండటం. నా చేతిమీదుగా వేల జవాబుపత్రాలు వెళ్ళాయి. లేని గుణింతాలు చూశాను, ఒత్తుకు ఒత్తు పెట్టినవీ చూశాను. ఎర్రసిరాతో సున్న చుట్టి ముందుకు సాగానే తప్ప కుర్చీలోంచి పడిపోలేదు. యంత్రానికీ ఆ మర్యాద తెలియనిది కాదు. మనం పొరపాటున ఒంటరి గుణింతపు గుర్తు రాస్తే కొన్ని వ్యవస్థలు దాని పక్కన చుక్కల వలయం గీసి ‘ఇక్కడ అక్షరం లేదు’ అని చూపుతాయి. అదీ ఎర్రసిరాయే!

ఇదేమీ ఒంటరి సంఘటన కాదు. 2015 మే నెలలో ఇంగ్లీషు మాటలతోపాటు అరబిక్ అక్షరాలు, దేవనాగరి గుర్తులు, చీనా అక్షరం కలిపిన ఒక సందేశం ఐఫోన్లను ఇలాగే పడగొట్టింది. రెండుచోట్లా గోడ బీటవారింది లాటిను అక్షరమాల సరిహద్దు దాటినచోటనే. నిర్మాతలు తమ వీధిలో పదిసార్లు నడిచి చూసి, మన వీధిలోకి ఒకసారి తొంగిచూసి వెళ్ళారని దీనివల్ల అనిపిస్తుంది. అది దురుద్దేశం అనను. కాని 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో 8 కోట్లమందికి పైగా మాతృభాష అయిన లిపి, 1991లో యూనికోడ్ తొలి ప్రతిలోనే చోటు దక్కించుకున్న లిపి, 2018లో వింత గుర్తుగా కనబడటం న్యాయమేనా?

అవతలి పక్షం మాటా చెప్పాలి. లిపులు అనేకం, ఒక్కొక్కదాని నడక వేరు. ఊహించగల వరుసలన్నిటినీ చేత్తో రాసి పరీక్షించడం మానవమాత్రులకు సాధ్యం కాదు. లోపాన్ని త్వరగా సవరించారన్నదీ నిజమే. అయితే ఆ పని ప్రపంచం గగ్గోలు పెట్టాక జరిగింది. యాదృచ్ఛికంగా వరుసలు పుట్టించి కార్యక్రమాలమీద గుప్పించే పరీక్షాపద్ధతులు అప్పటికే పరిశ్రమలో ఉన్నాయి. ఆ గుప్పెట్లో మన ఒత్తులూ, గుణింతాలూ, కనబడని గుర్తులూ తగినన్ని ఉండాలన్నదే నా మనవి.

ఈ మనవి దూరదేశపు సంస్థలకే కాదు. హైదరాబాదు నుంచి సియాటిల్ దాకా సాఫ్ట్‌వేరు పరిశ్రమలో మన పిల్లలు ఎందరో ఉన్నారు. తాము కట్టే కార్యక్రమంలో పేరు రాసే గడిలో ఒక్కసారి తెలుగులో తమ పేరు రాసి చూసేవారు ఎందరు? పరీక్షకు ఎప్పుడూ ‘టెస్ట్’ అనే ఇంగ్లీషు మాటేనా? ఒక్క ‘జ్ఞానేశ్వర్’, ఒక్క ‘లక్ష్మి’, ఒక్క ‘స్వాతంత్ర్యం’ ఆ పరీక్షా పట్టికలో చేరిస్తే ఖర్చేమీ కాదు. తెలుగుకు సేవ అంటే సభలూ శాలువాలే కానక్కరలేదు.

జ్ఞను ఉత్తరాదివారు గ్య అంటారు, మరాఠీవారు ద్న్య అంటారు, మనలో చాలామంది గ్న అంటాం. ఎవరెలా పలికినా అది ఇంతకాలం ఎవరికీ కీడు చేయలేదు. దానిమీద పడ్డ అపవాదు మాత్రం పాత వార్తల్లో ఇప్పటికీ అలాగే ఉంది. నా మట్టుకు నేను దాన్ని నిర్దోషిగా విడుదల చేస్తున్నాను. పెద్దలు మీరేమంటారు?