పిండి చేతులతో నవల

మీరు ఈ పుస్తకాన్ని ఏ వేళప్పుడు తెరిచారు? పిల్లలు నిద్రపోయాకనా, దుకాణం మూసి వచ్చాకనా, పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగానా? బడికి వెళ్లేవారికి గంట కొడతారు. మీకు గంట కొట్టేవారు లేరు. చదువుకు కావలసిన సమయాన్ని ఇంటి పనుల్లోంచి మీరే తీసుకోవాలి. అలాంటి సమయం కోసం నేనూ ఒక నెల రోజులు తంటాలు పడ్డాను. ఆ సంగతి మీకు చెప్పాలనిపించింది.

మేముండేది ఆరంగ్‌లో. ఛత్తీస్‌గఢ్‌లో రాయపూర్ నుంచి సంబల్‌పూర్ వెళ్లే దారిలో, మహానదికి దగ్గరగా ఉన్న పాత ఊరు ఇది. పురాతనమైన గుళ్లు ఉన్నాయి. మావారు ఇక్కడ బియ్యం మిల్లులో లెక్కలు చూస్తారు. నేను పాఠాలు రాసే ఉద్యోగానికి రోజూ బస్సులో రాయపూర్ వెళ్లి వస్తాను. ఇంట్లో మా అత్తగారు, అప్పట్లో పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి.

2022 అక్టోబరులో మా అబ్బాయి ఒక కబురు తెచ్చాడు. నవంబరు నెల 30 రోజుల్లో 50,000 మాటల నవల రాస్తామని పంతం పట్టేవారు ప్రపంచమంతటా ఉన్నారట. 1999 జులైలో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో క్రిస్ బేటీ అనే ఆయన, మరికొందరు కలిసి 21 మంది దీన్ని మొదలుపెట్టారు. మరుసటి ఏడు నవంబరుకు మార్చారు. అక్కడ ఆ నెలలో బయట వాతావరణం బాగుండదు కాబట్టి ఇంట్లో కూర్చుని రాసుకోవచ్చని వారి ఆలోచన. (దాన్ని నడిపిన సంస్థ 2025లో మూతపడింది.) "ఎప్పుడూ నవల రాస్తానంటావుగా, రాయమ్మా" అన్నాడు వాడు.

నవంబరు! ఆ నెలను ఎంచుకున్నవారికి కార్తీకమాసం సంగతి తెలియదు. మా వైపు వరికోతల సంగతీ తెలియదు. ఆ ఏడు ఛత్తీస్‌గఢ్‌లో ధాన్యం కొనుగోలు సరిగ్గా నవంబరు 1నే మొదలైంది. మావారు రాత్రి పది దాటితే గాని ఇల్లు చేరేవారు కాదు. అత్తగారికి తెల్లవారుజాము స్నానాలు, దీపాలు, సోమవారం ఉపవాసాలు. అయినా నేను సరేనన్నాను. నలభై దాటాక కూడా "ఎప్పుడో రాస్తాను" అని చెప్పుకోవడం నాకే సిగ్గనిపించింది.

ముందు లెక్క చూసుకున్నాను. 50,000ను 30తో భాగిస్తే రోజుకు దాదాపు 1,667 మాటలు. కాని ఇది ఇంగ్లీషువారి లెక్క. మనం "రాలేకపోయినందుకు" అని ఒక్క మాటలో అనేదాన్ని చెప్పడానికి వారికి ఐదారు మాటలైనా కావాలి. ఆ కొలత మనకు అతకదు. అందుకని మాటలు లెక్కపెట్టడం మాని, నోటుపుస్తకంలో రోజుకు మూడు పేజీలు అనుకున్నాను. కథ చాలా కాలంగా మనసులో ఉన్నదే. పని వెతుక్కుంటూ శ్రీకాకుళం వైపు నుంచి రాయపూర్ వచ్చి స్థిరపడిన ఒక కుటుంబం కథ.

నాలుగున్నరకు లేచి, కుక్కరు పెట్టేలోపు ఒక గంట రాసేదాన్ని. మొదటి వారం బాగానే నడిచింది. 8వ తేదీన కార్తీక పౌర్ణమి, చంద్రగ్రహణం, గురునానక్ జయంతి సెలవు, మూడూ ఒకే రోజు వచ్చాయి. గ్రహణం విడిచేదాకా పొయ్యి వెలిగించకూడదన్నారు అత్తగారు. నాకు గ్రహణాల పట్టింపు లేదు. అయినా ఆ రోజు మారు మాట్లాడలేదు. సాయంత్రం ఆరున్నరకు స్నానం చేసి పొయ్యి వెలిగించేసరికి తొమ్మిది పేజీలు పూర్తయ్యాయి! వంట లేని రోజు ఎంత పొడుగ్గా ఉంటుందో నాకు ఆనాడే తెలిసింది.

ఇలాంటి పంతం మన భాషకు కొత్తేమీ కాదు. విశ్వనాథ సత్యనారాయణగారు 'వేయిపడగలు' నవలను 29 రోజుల్లో పూర్తి చేశారని మీరు వినే ఉంటారు. ఆయన ఆశువుగా చెబుతూ ఉంటే తమ్ముడు వేంకటేశ్వర్లుగారు రాశారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో ఆ నవలకూ, అడివి బాపిరాజుగారి 'నారాయణరావు'కూ కలిపి బహుమతి ఇచ్చారు. తరువాత పి.వి. నరసింహారావుగారు దాన్ని 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి అనువదించారు. ఈ సంగతి చెప్పుకునేటప్పుడు మనం 29 రోజుల గురించే మాట్లాడతాం. ఆ 29 రోజులూ ఆ ఇంట్లో వంట ఎవరు చేశారని అడగం. నేనూ అడగలేదు, 14వ తేదీ దాకా.

ఆ రోజు కార్తీక సోమవారం. పొద్దున పేజీ సగంలో ఆగిపోయింది. ఆఫీసు నుంచి వస్తూనే "ఒక్క పేజీ, అంతే" అనుకుని కూర్చున్నాను. అత్తగారు పొద్దుటి నుంచి ఉపవాసం. ఆవిడకు షుగరు ఉంది. చుక్కను చూసి దీపం పెట్టాక ఫలహారం నేనే చేసి పెట్టాలి. ఆవిడ నన్ను పిలవలేదు. రాసుకుంటున్నాను కదా, కదిలించడం ఎందుకని ఊరుకున్నారు. ఎనిమిదిన్నరకు తులసికోట దగ్గర ఏదో పడిన చప్పుడైంది. వెళ్లి చూస్తే ప్రమిద పక్కనే ఆవిడ కూలబడి ఉన్నారు. ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకుతున్నాయి. పంచదార నీళ్లు తాగిస్తే పావుగంటకు తేరుకున్నారు. "ఏం కాలేదులే, రాసుకో" అన్నారు.

ఆరంగ్ పేరు వెనక ఇక్కడివారు ఒక కథ చెబుతారు. మోరధ్వజుడనే రాజు ఇచ్చిన మాట కోసం కన్నకొడుకును రంపంతో కోశాడట. 'ఆరా' అంటే హిందీలో రంపం. ఎన్నిసార్లు విన్నా నాకు రాజే గుర్తుండేవాడు. ఆ రాత్రి మాత్రం కొడుకు గుర్తొచ్చాడు.

నోటుపుస్తకాన్ని బీరువాలో పెట్టేశాను. నాలుగు రోజులు ముట్టుకోలేదు. నేను పంతం పట్టినట్లు మావారికి సరిగా తెలియనే తెలియదు. తెలిశాక, "నాకు ముందే చెప్పి ఉండాల్సింది" అన్నారు. ఆ మాట నిజమే. ఆ మర్నాటి నుంచి పొద్దున్న కూరలు తరిగే పని ఆయన తీసుకున్నారు. ముక్కలు ఒక్కటీ ఒకలా ఉండేవి కావు.

18వ తేదీ రాత్రి రొట్టెల పిండి కలుపుతున్నాను. "ఆ పుస్తకం ఏం చేశావే?" అన్నారు అత్తగారు. చేతులు ఖాళీ లేవన్నాను. "నోరు ఖాళీయే కదా! నువ్వు చెప్పు, నేను రాస్తాను."

మా అబ్బాయి హిందీ మీడియం. తెలుగు మాట్లాడతాడు గాని రాయలేడు. ఇంట్లో నేను కాక తెలుగు రాయడం వచ్చింది ఐదో తరగతితో చదువు ఆపేసిన అత్తగారికే. ఆవిడ కలం పట్టి ఎన్నేళ్లయిందో! మొదటి రోజు పేజీకి పది వరుసలు కూడా పట్టలేదు. ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఇంకోచోట. వారం తిరిగేసరికి చేయి కుదురుకుంది. అయితే కొత్త చిక్కు మొదలైంది. "ఏ కోడలూ అత్తతో ఇలా అనదు" అని కలం ఆపేసేవారు. "అంటుంది అత్తయ్యా" అనేదాన్ని నేను. పెనం మీద రొట్టె మాడేది.

రోజుకు రెండు పేజీల చొప్పున నడిచింది. నవంబరు 30 రాత్రి లెక్కపెడితే 71 పేజీలు. అనుకున్నది 90. నవల ముగియలేదు. తరువాత మరో ఏడాదిన్నర పట్టింది.

ఇప్పుడు శుద్ధప్రతి రాస్తున్నాను. 58వ పేజీలో కోడలి మాట ఒకటి నేను చెప్పినట్లు లేదు. అత్తగారు నాకు తెలియకుండా మార్చేశారు. రెండుసార్లు కొట్టేయబోయి, అలాగే ఉంచేశాను. ఆవిడ రాసిందే బాగుంది.