పొలిమేర మీది రెండు ధరలు

కాకినాడ నుండి దక్షిణముగా సాగు 216వ జాతీయ రహదారి కోరంగిని, తాళ్లరేవును దాటి గౌతమీతీరమును సమీపించునప్పటికి, ఒక ప్రభుత్వపు ఏలుబడి ముగిసి మరియొక ప్రభుత్వపు ఏలుబడి ఆరంభమైనదని బాటసారికి తెలుపు చిహ్నములు మిక్కిలి స్వల్పములు. వరిచేలు అవియే, కొబ్బరితోటలు అవియే, గట్లమీద మేయు గేదెలు అవియే, పలుకరించిన ప్రతివాని నోట మాట చివర దొర్లు ‘అండీ’ సైతము అదియే. అయినను, ఆంధ్రప్రదేశపు భూమిలో నున్న పెట్రోలు బంకు ముందు నీడన పండుకొన్న కుక్క తప్ప మరియొక ప్రాణి కానరాకుండుటయు, పొలిమేర దాటినంతనే యానాము బంకు ముందు ట్రాక్టర్లు, ఆటోలు, లారీలు, లెక్కకు మిక్కిలియైన మోటారు సైకిళ్ళు జాతరనాటి బండ్లవలె క్రిక్కిరిసి యుండుటయు చూచిన తరువాత, హద్దురాయి ఎక్కడ నున్నదో ఎవరిని అడుగవలసిన పని లేదు.

ఈ విచిత్రమును కన్నులార చూడవలెనని నేను చిరకాలముగా అనుకొనుచుంటిని. కాకినాడలో ఉపాధ్యాయత్వము చేసి విశ్రాంతి తీసికొనుచున్న నా మిత్రుడొకడు, తన స్కూటరు ట్యాంకును ఉద్దేశపూర్వకముగా ఎండగట్టి, ‘రండి, మీకు యానాము చూపినట్లును ఉండును, నా పని అయినట్లును ఉండును’ అని వెంటబెట్టుకొని పోయెను. యానాము వైశాల్యము సుమారు 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనగణనము ప్రకారము అచటి జనసంఖ్య 55,626. చుట్టును తెలుగునాడు. రాజధానియైన పుదుచ్చేరి మాత్రము ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దూరమున, తమిళదేశపు సముద్రపుటొడ్డున నున్నది. 1723లో ఫ్రెంచివారు ఇచట కాలు మోపుటయు, ప్రక్కనే ఇంజరములో ఆంగ్లేయులు తమ వర్తకస్థానము నిలుపుకొని యుండుటయు అను రెండు వ్యాపారప్రయోజనముల స్పర్ధ వలన గీయబడిన ఆ గీత, ఆ రెండు కంపెనీలును, వాటి వెనుకనున్న రెండు సామ్రాజ్యములును మాసిపోయిన పిమ్మట కూడ మాసిపోక నిలిచినది. 1954లో దడాల రఫేల్ రమణయ్య మొదలగువారు నడపిన ఉద్యమముతో ఫ్రెంచి పాలన తొలగినను, యానాము ఆంధ్రములో కలియక పుదుచ్చేరిలోనే ఉండిపోయెను.

పొలిమేర ఉన్నచోట బేరము ఉండక తప్పదు. మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగువారు పూర్వము యానాములోని మంగళవారపు సంతకు పరదేశపు సరకుల కొరకు వచ్చుచుండిరనియు, వారు కొనిపోవు వస్తువులలో సుంకము తప్పించుకొన్నవి కొన్ని ఉండెడివనియు ప్రసిద్ధి. అంతకంటె చిత్రమైన బేరము మరియొకటి కలదు. బాల్యవివాహములను నిషేధించు శారదా చట్టము 1929లో శాసనమై బ్రిటిషు ఇండియాలో అమలునకు రాగా, ఫ్రెంచి ఏలుబడిలోని యానామునకు ఆ శాసనము వర్తింపనందున, చుట్టుప్రక్కల జిల్లాల వారు పసిపిల్లలను బండ్లలో ఎక్కించుకొని వచ్చి ఇచట ముహూర్తములు జరిపించుకొని పోవుచుండిరి. ఒక ప్రభుత్వము వలదన్న దానిని వేరొక ప్రభుత్వపు నీడలో చేసికొని, తెల్లవారునప్పటికి ఇల్లు చేరుట అను విద్య ఈ డెల్టా ప్రజలకు మూడు తరముల నాటిది. నాటి దానికిని నేటి దానికిని ధర్మములో భేదము అపారమే. నాడు చట్టము న్యాయము పక్షమున నుండెను. నేడు బంకు ముందు నిలిచిన వాని పక్షమున కొంత న్యాయమున్నదని నా అభిప్రాయము.

బంకులో మా వంతు వచ్చుటకు చాలసేపు పట్టినది. ఆ సమయము నాకు వృథా కాలేదు. మాకు ముందు ట్రాక్టరుతో నిలిచిన నడివయసు రైతు గౌతమికి ఆవలి గట్టు వాడు. వరి మాని రొయ్యల చెరువులు పెట్టినవాడు. డీజిలు ధర మాట ఎత్తగనే ఆయన ముఖము ఎఱ్ఱబడెను. ‘కరెంటు పోయిందంటే ఏరేటర్లు ఆగిపోతాయండి. అరగంట ఆగితే రొయ్య తేలిపోద్ది. జనరేటరు తిప్పక తప్పదు. మా ఊరి బంకులో లీటరుకి పది పదకొండు రూపాయలు ఎక్కువ. ఓ పంటకాలానికి ఎంతవుద్దో తమరే లెక్కెయ్యండి మాస్టారూ!’ అని నా మిత్రునితో అనెను. లెక్క వేయుటకు మా మాస్టారు సిద్ధపడుచుండగనే, ప్రక్కనున్న ఆటోలో ఖాళీ చేపలగంపతో కూర్చుండిన ఒక వృద్ధురాలు, మేము అడుగకయే, తన మాట కలిపినది: ‘ఈళ్ళకి బాగానే ఉంది బాబూ. ఆటోవోడు యానాం రేటుకి కొట్టించుకుంటాడు, కాకినాడ రేటుకి ఛార్జీ తీసుకుంటాడు. అదేంట్రా అంటే డీజిలు మండిపోతోంది అంటాడు.’ ఆటోవాడు నవ్వి ఊరకుండెను. నేను ఆ దినమున విన్న ఆర్థికశాస్త్రములో ఇంతకు మించిన వాక్యము లేదు.

ధరల సంగతి సూక్ష్మముగా చెప్పుదును. పెట్రోలుపై ఆంధ్రప్రదేశ ప్రభుత్వము విధించు వ్యాటు పన్ను 31 శాతము. దానిపై లీటరునకు 4 రూపాయలు అదనము. 2020 సెప్టెంబరులో రహదారుల అభివృద్ధి పేరిట చేర్చిన సెస్సు మరియొక రూపాయి. డీజిలునకు 22.25 శాతము, దానిపై ఆ నాలుగు రూపాయలును, ఆ ఒక్క రూపాయియు. ఈ శాతమును లెక్కించునది నూనె కంపెనీ ధర మీద మాత్రమే కాదు. కేంద్రము విధించిన ఎక్సైజు సుంకమును, బంకు యజమాని కమీషనును కలిపిన మొత్తము మీద. అనగా కేంద్రము సుంకము పెంచినచో, రాష్ట్రము చేయి కదల్పకయే దాని రాబడియు పెరుగును. వినియోగదారుడు పన్నుకు పన్ను కట్టుచున్నాడు; ఆ సంగతి రసీదులో కానరాదు.

2021 దీపావళి ముందునాడు కేంద్రము పెట్రోలుపై 5 రూపాయలు, డీజిలుపై 10 రూపాయలు సుంకము తగ్గించినప్పుడు, కర్ణాటకము, పుదుచ్చేరి తమ వంతుగా మరి 7 రూపాయల చొప్పున తగ్గించినవి. ఆంధ్రప్రదేశము తగ్గింపలేదు. ఈ బంకుల ముందు రద్దీ ఆ దీపావళితోనే ముదిరినదని మా మిత్రుడు చెప్పెను. 2025 నాటికి పెట్రోలు ధరలో యానామునకును చుట్టుప్రక్కల గ్రామములకును గల వ్యత్యాసము లీటరునకు పండ్రెండు పదమూడు రూపాయలు. కర్ణాటకపు సరిహద్దున చిత్తూరు, అనంతపురము జిల్లాల లారీవారును, కేరళలో పుదుచ్చేరి వారి మాహే చుట్టునున్న వారును చేయుచున్నది ఈ పొలిమేర బేరమే. కాని ఆ లారీవారికి పొలిమేర ఒక ప్రక్కనే యున్నది. యానామునకు నాలుగు దిక్కులును పొలిమేరయే.

రాష్ట్రప్రభుత్వములు చెప్పుకొను సమాధానము బొత్తిగా త్రోసివేయదగినది కాదు. 2017 జులై 1న జి.ఎస్.టి. వచ్చిన తరువాత, తమ ఇచ్ఛ కొలది రేటు నిర్ణయించుకొనుటకు రాష్ట్రముల చేతిలో మిగిలిన ముఖ్యవస్తువులు పెట్రోలు, డీజిలు, మద్యము మాత్రమే. కేంద్రము పెట్రోలుపై వసూలు చేయు సుంకములో అధికభాగము సెస్సులు, అదనపు సుంకముల రూపమున నుండుటచే అది రాష్ట్రములకు పంచవలసిన మూటలోనికి రాదు. 2021 ఫిబ్రవరి నుండి ఆ మూటలోనికి వచ్చు మూలసుంకము లీటరునకు 1 రూపాయి 40 పైసలే. కనుక ఢిల్లీ మీది కోపము అమరావతి మీదను, అమరావతి మీది కోపము ఢిల్లీ మీదను త్రోయుట ఇరువురకును సులభమైనది. ఇదంతయు తెలిసియు నాకు మనసొప్పనిది ఒకటి కలదు. ప్రభుత్వమునకు ధనము కావలసిన ప్రతిసారియు దాని చూపు మొట్టమొదట బీదవాని ట్యాంకు మీదనే పడుటకు కారణము, బీదవాడు శక్తిమంతుడని కాదు. బండి నడపక వానికి దినము గడువదని. సముద్రము మీదికి పోవు మరపడవలకు డీజిలుపై లీటరునకు 9 రూపాయల సబ్సిడీ ఇచ్చుచున్న ప్రభుత్వమే, ఆ చేపలను సంతకు చేర్చు ఆటో డీజిలుపై దానిని మించిన పన్ను లాగుకొనుచున్నది.

మధ్యాహ్నము యానాము వీధులలో తిరిగితిమి. 1846 నాటి ఫ్రెంచి దేవాలయమును, ఏటి ఒడ్డున ఈఫిల్ గోపురమును తలపించు ఆ ఎత్తైన ఇనుపస్తంభమును చూచితిమి. వాటిని గూర్చి ఇతరులు వ్రాసియున్నారు కావున నేను వ్రాయను. ఒక కాఫీ హోటలులో కూర్చుండిన స్థానికుల మాటలు వినగా, యానాము వారు సుఖముగా నున్నారన్న నా భావన కొంత సడలినది. ఒక పెద్దమనిషి, ‘మా బంకులో మాకే చోటు లేదండీ. పొద్దున్నే పిల్లల్ని బడిలో దించాలంటే అరగంట లైన్లో నిలబడాలి. అందరూ పొరుగూరోళ్ళే’ అని విసుగుకొనెను. మరియొకడు అందుకొని, ‘చవక చవక అంటారు గాని, మాకూ పెంచేరు కదండీ’ అనెను. అది నిజమే. 2025 జనవరి 1న పుదుచ్చేరి ప్రభుత్వము తన నాలుగు ప్రాంతములలోను పన్ను పెంచెను. యానాములో పెట్రోలుపై వ్యాటు 15.26 శాతము నుండి 17.69 శాతమునకు ఎక్కినది. ప్రాంతమును బట్టి రేటు వేరు. వీరు పొరుగువారి ధరను చూచుకొని, దానికంటె తక్కువగా మాత్రము ఉండునట్లు తమ ధరను పెంచుకొనవచ్చును. పొరుగున ధర ఎంత హెచ్చినచో వీరికి అంత చోటు దొరకును. ఆంధ్రప్రదేశపు పన్ను ఇట్లు తన పౌరులను మాత్రమే గాక, యానాము పౌరులను సైతము పరోక్షముగా తాకుచున్నదని ఆ కాఫీ హోటలులో ఎవరును అనలేదు, నాకు తోచినది.

తిరుగుదారిలో, ఉదయము కుక్క పండుకొని యున్న ఆ బంకు కడ ఆగితిమి. యజమాని మర్యాదస్థుడు, కుర్చీలు వేయించి, కొబ్బరిబొండములు కొట్టించెను. బంకు తండ్రి కాలమున పెట్టినది. ఒకప్పుడు పనివారు రెండు షిఫ్టులలో ఉండెడివారు. నేడు ఒక్క కుర్రవాడు. ‘రేటు పెట్టేది నేను కాదండి. తిట్లు తినేది మాత్రం నేనే. కమీషను లీటరు లెక్కన వస్తుంది, అమ్ముడైతేనే కదా? మా దగ్గరికొచ్చేవాళ్ళు రెండే రకాలండి. దారిలో పెట్రోలు అయిపోయి బండి తోసుకొచ్చేవాడొకడు, యానాం సంగతి తెలియని పరాయి ఊరివాడొకడు.’ ఆయన మాటలో కోపము కంటె అలుపు హెచ్చుగా నుండెను. మీరు మీ కారునకు ఎచట కొట్టింతురని మా మాస్టారు కొంటెగా అడుగగా, ఆయన తన బంకులోనే అని గట్టిగా పలికి, క్షణమాగి, ‘మా అబ్బాయి సంగతి నాకు తెలీదు’ అని నవ్వెను. పన్ను హెచ్చుట వలన ఈ ఒక్క బంకులో ప్రభుత్వమునకు పెరిగిన రాబడి ఎంత, పోయిన రాబడి ఎంత అని ఎవరైన అధికారి వచ్చి చూచెనా అని నేను అడిగితిని. కొలతలు తనిఖీ చేయుటకు వచ్చెదరట; ఇది అడుగుటకు ఎవరును రాలేదట.

మిత్రుడు కాకినాడకు మరలగా, నేను మరల యానాము చేరి, బాలయోగి వారధి మీదుగా ఎదుర్లంక దాటి, బస్సులో అమలాపురము బయలుదేరితిని. నా ప్రక్కన కూర్చుండిన యువకుడు అమలాపురములో ఎలక్ట్రీషియను. బండి మరమ్మతులో నుండుటచే బస్సెక్కినవాడు. యానాము పెట్రోలు మీకు ఉపయోగపడునా అని అడిగితిని. అతడు వ్రేళ్ళు మడచుచు చెప్పిన లెక్క ఇది: అమలాపురము నుండి యానాము సుమారు 30 కిలోమీటర్లు, పోయి వచ్చుటకు 60. బండి లీటరునకు 50 కిలోమీటర్లు ఇచ్చినచో దారికే లీటరుంబావు దరిదాపు, యానాము ధర చొప్పున నూటపదిహేను రూపాయల పైమాట, ఖర్చగును. ట్యాంకులో ఎనిమిది లీటర్లు పోయించుకొన్నచో మిగులునది ఇంచుమించు నూరు రూపాయలు. ‘పోను రాను నష్టమేనండి. పనిబడి వెళితే కొట్టిస్తా, లేకపోతే లేదు. మా ముమ్మిడివరం బావ మాత్రం వారానికోసారి వెళ్ళొస్తాడు.’

 అతని లెక్క సరిగానే యున్నది. ఈ లెక్క ప్రకారము యానాము చుట్టును ఒక వలయము గీయవచ్చును. మోటారు సైకిలు వానికి అది పది పదిహేను కిలోమీటర్లు. పెద్ద ట్యాంకుగల లారీవానికి ఇంకను దూరము. వలయములోనివాడు తన అసంతృప్తిని బంకుకు పోయి తీర్చుకొనుచున్నాడు. వాని ఓటు చక్రముల మీద పోవుచున్నది. వలయమునకు వెలుపలనున్న అమలాపురము, రాజోలు, రావులపాలెము వారికి ఆ సదుపాయము లేదు. వారు పూర్తి పన్ను చెల్లించుచు, ఎవరి మీదను కసి తీర్చుకొను మార్గము లేక యున్నారు. పన్ను విధించువారికి రెండవవారి మౌనము సమ్మతిగా తోచుచుండవచ్చును. అమలాపురములో బస్సు దిగిన చోటనే ఒక బంకు ఉన్నది; ఎలక్ట్రీషియను దాని వంక చూపి, బండి బాగై రాగానే రేపు రెండు వందలకు అక్కడనే కొట్టింతుననియు, ఫుల్ ట్యాంకు చేయించి చాల కాలమైనదనియు చెప్పి, తన పనిముట్ల సంచి భుజమున వేసికొని సెలవు తీసికొనెను.