ఐదు సెకన్లు ఎక్కడికి పోతున్నాయి?

పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ఇంజినీరింగు కాలేజీ, రెండో అంతస్తులో కంప్యూటర్ ల్యాబ్. నేను వెళ్ళేసరికి మూడో సంవత్సరం పిల్లలు నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో ఉన్నారు. జావాలో చిన్న చాట్ ప్రోగ్రాం రాస్తున్నారు. ఒక సిస్టమ్‌లో సర్వర్ నడుస్తుంది, పక్క సిస్టమ్ నుంచి క్లయింట్ దానికి కనెక్ట్ అవుతుంది. కిందటేడు పిల్లలు ఇదే ప్రోగ్రాం రన్ కొడితే చిటికెలో లేచేది. ఇప్పుడు ఎంటర్ నొక్కాక తెర మీద ఏమీ రాదు. కాసేపటికి సర్వర్ లేస్తుంది. క్లయింట్ కనెక్ట్ అయినప్పుడు మళ్ళీ అంతసేపూ ఆగుతుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ మార్చిన దగ్గర్నుంచే ఈ తంటా. డెబియన్ 10కి దీర్ఘకాలిక మద్దతు 2024 జూన్ 30తో ముగిసింది. భద్రతా సవరణలు రాని సిస్టమ్‌ల మీద పిల్లల్ని కూర్చోబెట్టడం మంచిది కాదని డెబియన్ 12కి మారారు. ఒక సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ చేసి, దాని ఇమేజ్ తీసి, మిగతా అన్నిటికీ ఎక్కించారు. ఆ నిర్ణయం సరైనదే. కానీ మర్నాటి నుంచి నెట్‌వర్క్‌తో పనున్న ప్రతి ప్రోగ్రామూ లేవడానికి మొరాయించింది.

తలో మాటా అన్నారు. ర్యామ్ వేయించాలని ఒకరు, ఫార్మాట్ కొట్టి మళ్ళీ ఎక్కిద్దామని ఒకరు, పాత వెర్షన్‌కే వెళ్ళిపోదామని మరొకరు. కొత్త సిస్టమ్‌లకి కొటేషన్లు తెప్పించే దాకా వచ్చింది వ్యవహారం. ల్యాబ్ ఇన్‌చార్జి మేడం మాత్రం, "ముందు అది ఎక్కడ ఆగుతోందో చూద్దామండీ, కొనడం ఎంతసేపు?" అన్నారట. ఆ చూడటం ఎలా సాగిందో పిల్లల ఎదుటే నాకు మళ్ళీ చేసి చూపించారు. నేను వెళ్ళింది అందుకే.

మొదటి పని, కొలవడం. టైమ్ అనే ఆదేశాన్ని ముందు పెట్టి ప్రోగ్రామ్‌ని నడిపితే చివర్లో రెండు రకాల లెక్క వస్తుంది. గోడ గడియారం ప్రకారం ఎంతసేపు పట్టిందన్నది ఒకటి. అందులో ప్రాసెసర్ నిజంగా పనిచేసింది ఎంతసేపన్నది రెండోది. సర్వర్ లేవడానికి గడియారం ప్రకారం ఐదు సెకన్ల చిల్లర పట్టింది. ప్రాసెసర్ పనిచేసింది ఒక సెకను కూడా లేదు. "చూశారుగా, మిషన్ కష్టపడి అలిసిపోవట్లేదండీ. దేనికోసమో ఎదురుచూస్తోంది. ర్యామ్ ఎంత వేసినా ఎదురుచూపు తగ్గదు" అన్నారావిడ. ఇంకో సంగతి కూడా గమనించమన్నారు. ఎన్నిసార్లు నడిపినా ఆలస్యం అంతే ఉంది. బరువు వల్ల నెమ్మదించిన మిషన్ ఒకసారి మూడు సెకన్లు, ఒకసారి ఎనిమిది తీసుకుంటుంది. ప్రతిసారీ సరిగ్గా ఐదే పడుతోందంటే, ఎక్కడో ఎవరో ఆ అంకెను రాసిపెట్టి ఉండాలి.

ఇక్కడే ఒక అబ్బాయి అందించిన ఆధారం పనికొచ్చింది. "మేడం, కేబుల్ పీకేసి రన్ చేస్తే అసలు ఆగట్లేదు. వెంటనే అన్‌నోన్ హోస్ట్ అని ఎర్రర్ ఇచ్చేస్తోంది" అని చెప్పాడట. అది చాలా విలువైన సంగతి. ఆ ప్రోగ్రాం లేవగానే చేసే మొదటి పని, తన సిస్టమ్ పేరుకి చిరునామా ఏమిటో కనుక్కోవడం. దారి పూర్తిగా మూసుకుపోతే "తెలియదు" అన్న జవాబు క్షణంలో వస్తోంది. దారి తెరిచి ఉంటేనే ఆగుతోంది.

అప్పుడు మేడం జావాని పక్కన పెట్టి, గెటెంట్ అనే చిన్న ఆదేశంతో ఆ సిస్టమ్ పేరుని అడిగారు. అదీ ఐదు సెకన్లు ఆగి జవాబిచ్చింది. దాంతో జావా మీద, పిల్లలు రాసిన ప్రోగ్రాం మీద అనుమానం తొలగిపోయింది. పేర్లు వెతికే ఆదేశాలే కదా, డిగ్‌తోనో ఎన్ఎస్‌లుకప్‌తోనో చూడొచ్చు కదా అని అడిగాను. అవి సిస్టమ్‌లోనే పేర్లు రాసి ఉండే హోస్ట్స్ ఫైల్ జోలికి పోకుండా, పేర్లకి చిరునామాలు చెప్పే డీఎన్ఎస్ సర్వర్‌నే నేరుగా అడుగుతాయనీ, మామూలు ప్రోగ్రాం నడిచే దారిలో నడిచేది గెటెంటేననీ చెప్పారు.

ఆ దారి ఏమిటో బోర్డు మీద గీశారు. లినక్స్‌లో ఒక పేరు వెతకాలంటే ముందు ఈటీసీ డైరెక్టరీలోని హోస్ట్స్ ఫైల్ చూస్తుంది. అక్కడ లేకపోతే రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైల్‌లో రాసి ఉన్న డీఎన్ఎస్ సర్వర్లను వరసగా అడుగుతుంది. ఈ క్రమం వెనక చరిత్ర ఉంది. ఇంటర్నెట్‌కి పూర్వరూపమైన ఆర్పానెట్ రోజుల్లో అన్ని కంప్యూటర్ల పేర్లూ ఒకే ఫైల్‌లో ఉండేవి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్‌లర్ బృందం దాన్ని నిర్వహించేది. పేర్లు పెరిగి ఆ పద్ధతి మోయలేనిదైనప్పుడు, 1983లో పాల్ మోకాపెట్రిస్ డీఎన్ఎస్‌ని రూపొందించారు. ఆ పాత ఫైల్ వారసుడే ప్రతి సిస్టమ్‌లోనూ ఇప్పటికీ ఉన్న హోస్ట్స్ ఫైల్.

దాన్ని తెరిచి చూస్తే సగం గుట్టు బయటపడింది. సిస్టమ్ సొంత పేరు ఉండాల్సిన 127.0.1.1 వరసలో, ఇమేజ్ తీసిన మొదటి సిస్టమ్ పేరు ఉంది. కాపీలన్నిటికీ కొత్త పేర్లు పెట్టారు గానీ ఈ వరస మార్చలేదు. అంటే ప్రతి సిస్టమూ తన పేరు తనకే తెలియక బయటికి అడగాల్సి వస్తోంది.

అడిగితే మాత్రం ఐదు సెకన్లెందుకు? స్ట్రేస్ అనే ఆదేశంతో ప్రోగ్రాం అడుగులన్నీ తెర మీద పరిచారు. ఒకచోట ప్రశ్న పంపి, 5000 మిల్లీసెకన్లు ఎదురుచూసి, జవాబు రాక ముందుకు సాగింది. లినక్స్ పేర్ల వెతుకులాటలో ఒక సర్వర్ కోసం ఆగే గడువు, ఎవరూ మార్చకపోతే, ఐదు సెకన్లే. ఎవరో రాసిపెట్టిన అంకె ఇదే. తర్వాత నెట్‌వర్క్‌లో వచ్చీపోయేవి చూపించే టీసీపీడంప్‌తో, డీఎన్ఎస్ ప్రశ్నలు వెళ్ళే 53వ పోర్టు దగ్గర కాపు కాశారు. ప్రశ్న మొదటి సర్వర్‌కి వెళ్ళింది, జవాబు లేదు. ఐదు సెకన్లకి రెండో సర్వర్‌కి వెళ్ళింది, అది వెంటనే చెప్పింది.

ఆ మొదటి చిరునామా కాలేజీలో ఒకప్పుడు ఉన్న డీఎన్ఎస్ సర్వర్‌ది. ఇప్పుడదే చిరునామాలో హాజరు సర్వర్ ఉంది. ఇమేజ్‌లోని నెట్‌వర్క్ సెట్టింగుల్లో పాత చిరునామా అలాగే ఉండిపోయింది. ఆ మిషన్ "నా దగ్గర ఆ సర్వీసు లేదు" అని తిప్పి పంపినా సరిపోయేది, ల్యాబ్ సిస్టమ్‌లు వెంటనే రెండో సర్వర్‌ని అడిగేవి. కానీ దాని ఫైర్‌వాల్ తెలియని ప్రశ్నల్ని చప్పుడు లేకుండా పారేస్తోంది. తలుపు కొడితే లోపలి నుంచి "ఆయన ఊళ్ళో లేరు" అని వినిపిస్తే మన దారిన మనం పోతాం, ఎవరూ పలక్కపోతేనే గుమ్మంలో నిలబడిపోతాం. క్లయింట్ కనెక్ట్ అయినప్పుడు రెండోసారి ఆగడానికీ కారణం ఇదే. వచ్చిన సిస్టమ్ పేరేమిటో సర్వర్ మళ్ళీ అదే మూగ చిరునామాని అడుగుతోంది.

ఇది ఈ ల్యాబ్‌కే వచ్చిన కష్టం కాదు. 2016లో మ్యాక్ఓఎస్ సియెరాకి మారిన చాలామంది జావా ప్రోగ్రామర్లకి సొంత పేరు వెతకడం దగ్గరే ప్రోగ్రాములు సెకన్ల తరబడి ఆగాయి. హోస్ట్స్ ఫైల్‌లో ఆ పేరు చేర్చాక తీరింది. 2020 నవంబరు 12న, ఆపిల్ మ్యాక్ఓఎస్ బిగ్ సర్ విడుదల చేసిన రోజున, ప్రపంచమంతటా మ్యాక్‌లలో అప్లికేషన్లు తెరుచుకోవడానికి అవస్థపడ్డాయి. డెవలపర్ సర్టిఫికెట్లు సరిచూసే ఆపిల్ సర్వర్ సరిగా పలక్కపోవడమే కారణం. ఆ రోజు ఇంటర్నెట్ తీసేస్తే అప్లికేషన్లు మామూలుగా తెరుచుకున్నాయి. ఇక్కడ కేబుల్ పీకిన కుర్రాడు చూసిందీ అలాంటిదే, దారి మూసేస్తే ఎదురుచూపు ఉండదు.

మరమ్మతుకి ఎక్కువసేపు పట్టలేదు. హోస్ట్స్ ఫైల్‌లో ప్రతి సిస్టమ్‌కి దాని పేరు రాశారు. పాత చిరునామాని నెట్‌వర్క్‌మేనేజర్ సెట్టింగుల్లోంచే తీసేశారు. రిజాల్వ్ డాట్ కాన్ఫ్‌ని చేత్తో దిద్దితే నెట్‌వర్క్‌మేనేజర్ మళ్ళీ పాతదే రాసేస్తుందని పిల్లలకి చెప్పారు. ఒక్కో మార్పు చేసి, కొలిచి, ఆ తర్వాతే ఇంకోటి చేశారు. మొదటి మార్పుతో సర్వర్ లేవడంలో ఆలస్యం పోయింది. రెండోదానితో కనెక్ట్ అయ్యేటప్పటిదీ, వెబ్ పేజీలు తెరిచేటప్పటిదీ పోయాయి. ఐపీవీ6 ఆపేద్దామని మధ్యలో ఒకరు అంటే ఆవిడ ఒప్పుకోలేదట. "దాని మీద ఒక్క ఆధారమైనా కనపడిందా బాబూ? లేనప్పుడు దాన్నెందుకు ముట్టుకోవాలి?" అన్నారట.

మన కాలేజీల్లో ప్రోగ్రాం రాయడం నేర్పుతున్నాం, మార్కులు వేస్తున్నాం. ఆగిపోయిన ప్రోగ్రాం దేనికోసం ఆగిందో కనుక్కోవడం మాత్రం పాఠాల్లో ఎక్కడా కనపడదు. ఉద్యోగంలో చేరాక ఈ పిల్లలకి రోజూ ఎదురయ్యేది రెండోదే. ఆ విద్య లేనిచోట ఫార్మాట్ కొట్టడం, కొత్తవి కొనడం తప్ప వేరే మందు తోచదు. దానివల్ల డబ్బు పోతుంది, అసలు కారణం అలాగే ఉండిపోయి ఇంకోచోట తేలుతుంది. ఈ ల్యాబ్‌లో కొటేషన్లు పక్కన పెట్టేశారు. వచ్చే సెమిస్టర్ నుంచి మేడం ఒక కొత్త అభ్యాసం చేర్చబోతున్నారు. డీఎన్ఎస్ వరసలో ముందు ఒక పలకని చిరునామా పెట్టి, ఆలస్యం ఎక్కడుందో ఆధారాలతో సహా రికార్డు పుస్తకంలో రాయమంటారు. కారణం పేరు ఒక్కటే రాస్తే మార్కులు పడవు, కొలతలు చూపించాలి. నెట్‌వర్క్ పాఠం చెప్పే ప్రతి కాలేజీలోనూ ఈ అభ్యాసం ఉండాలి. దీనికి కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు.