మెదక్ మందిరంలో ఒక పొద్దు

యోహాను సువార్త 15వ అధ్యాయంలో యేసు తనను ద్రాక్షావల్లితో, శిష్యులను తీగెలతో పోలుస్తాడు. తీగెకు ఉన్న పని ఒక్కటే, వల్లిని అంటిపెట్టుకుని ఉండడం. తెలుగు క్రైస్తవుల నోట రోజూ వినిపించే ‘ప్రభువులో నిలిచి ఉండాలి’ అనే మాటకు మూలం అక్కడుంది. ఆ మాట మనసులో పెట్టుకునే సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్‌లో మెదక్ బస్సెక్కాను. నర్సాపూర్ అడవిలో రోడ్డు పక్కన కోతులు బారులు తీరి కూర్చున్నాయి. కిటికీ పక్క సీట్లవాళ్లు అరటిపళ్లు సంచుల్లోకి సర్దేశారు.

మెదక్ కెథడ్రల్ కరువులోంచి లేచిన కట్టడం. తిండిలేని జనానికి పని చూపి అన్నం పెట్టాలని వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ దీన్ని తలపెట్టాడు. 1914లో మొదలైన పని పదేళ్లు సాగి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100, గోపురం ఎత్తు 175.

అంకెలకంటే కిటికీలు ఎక్కువసేపు నిలబెడతాయి. రంగు అద్దాలవి మూడు. బలిపీఠం వెనక క్రీస్తు ఆరోహణం, రెండు పక్కలా జననం, సిలువ. బయట నిలబడి చూస్తే వాటిలో బొమ్మే తెలియదు. మసకబారిన గాజు, దాన్ని పట్టి ఉంచిన నల్లని గీతలు, అంతే. చెప్పులు విడిచి లోపలికి వెళ్లాక ఆ గాజే నీలమై, ఎరుపై, బంగారు రంగై వెలుగుతుంది. అదీ పొద్దున్నంతసేపే.

బెంచీ మీద ఒక ముసలమ్మ బైబిలు తెరుచుకుని కూర్చుంది. అట్టకు ప్లాస్టిక్ కవరు, గుర్తు కోసం పేజీల మధ్య పెళ్లిపత్రిక ముక్క.

“రోజూ ఇక్కడికే వస్తారా అవ్వా?”

“రోజెట్ల వస్త బిడ్డా? పండుగకో పబ్బానికో వస్త. ఇంట్ల పొద్దుగాల్నే లేసి మోకాళ్లేస్త, గంతే. నువ్వు ప్రార్థన జేస్కుంటవా మరి?”

“అప్పుడప్పుడు.”

“అన్నం గూడ అప్పుడప్పుడే తింటవా?”

ఆవిడ అడిగిన తీరు మెథడిస్టులకు కొత్తదేమీ కాదు. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ప్రార్థనా మందిరం మీద అప్పు మిగిలింది. మనిషికి వారానికి ఒక పెన్నీ చొప్పున చందా వేసుకుందామని ఒకరు సలహా ఇచ్చారు. పన్నెండేసి మందికి ఒక వసూలుదారుడు. చందాకని గడప తొక్కినవాడికి ఆ ఇంట్లోని తాగుడూ తగాదాలూ కంటబడ్డాయి. మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ ఇది గమనించి, ఆ వసూలుదారులకే ఆత్మల బాగోగులు విచారించే పని కూడా అప్పగించాడు. తర్వాత ఇళ్లకు తిరగడం మాని, ఆ పన్నెండు మందీ వారానికోసారి ఒకచోట కూడడం మొదలైంది. దేవునితో నడక ఈ వారం ఎలా సాగిందో ఒక్కొక్కరూ చెప్పుకోవాలి. బాకీ లెక్కలోంచి ఇంత గట్టి భక్తి సాధన పుట్టడం చరిత్రలో ముచ్చటైన సంగతుల్లో ఒకటి. వెస్లీ తెల్లవారుజామున నాలుగింటికే లేచి ప్రార్థించేవాడు. అయితే ఒంటరి ప్రార్థన ఎంత పట్టుదలతో మొదలుపెట్టినా, అడిగేవాళ్లు లేకపోతే నెల తిరక్కుండానే సడలిపోతుంది.

1947లో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు ఈ ప్రాంతపు వెస్లియన్ సంఘాలూ అందులో కలిశాయి. అడిగే అలవాటు మాత్రం సంఘాల తేడా లేకుండా తెలుగు పల్లెల్లో, బస్తీల్లో కనిపిస్తుంది. పొద్దున్నే వాక్యం చదువుకోవడం, మాపటికి కుటుంబ ప్రార్థన ఎవరింట్లో వాళ్లవి. వారం మధ్యలో ఎవరో ఒకరి ఇంట్లో జరిగే కూడిక పదిమందిదీ. చాపలు పరిచి, పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టి, పాట అయ్యాక ప్రార్థన మనవులు అడుగుతారు. కూతురి కాన్పు, కొడుకు పరీక్ష, తీరని చిట్టీ బాకీ, మానని మోకాలి నొప్పి, తాగొచ్చే మొగుడు. ఎవరో ఒకరు వాటిని నోటుబుక్కులో రాసుకుంటారు. మరుసటి వారం పుస్తకం తెరవగానే ముందు పోయిన వారం పేజీ తీసి, ఆసుపత్రి సంగతి ఏమైందని అడుగుతారు.