పిల్లలతో దూరప్రయాణము

ప్రయాణము దగ్గఱపడినకొలది గృహిణికి నిదుర తగ్గును. పురుషులు టిక్కెట్లు కొని, సెలవు పెట్టి, తమ పని తీరినదని కూర్చుందురు. ఏ యూరిలో ఏ బిడ్డకు జ్వరము వచ్చునో, ఏ రాత్రి చలి వేయునో, ఏ పూట అన్నము దొరకదో యని తలపోయుచు, పెట్టెలో ఒక్కొక్క వస్తువే చేర్చుకొనుచు పోవువారము మనమే గదా. "ఉండనిండు, పనికివచ్చును" అను మాట మన నోటనే వచ్చును. ఆ మాటవలన మాకు కలిగిన కష్టమును, దానివలన మేము నేర్చుకొన్న పాఠమును సోదరీమణులతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

2022వ సంవత్సరము వేసవిలో నాగపురమున బంధువుల యింట పెండ్లికి బయలుదేరితిమి. మేమిరువురము, మా అత్తగారు, ఎనిమిదేండ్ల అమ్మాయి, మూడేండ్ల పిల్లవాడు. వారము దినముల ప్రయాణమునకు సామానులు పదునొకండు! పెద్ద పెట్టెలు రెండు, పట్టుచీరల పెట్టె వేఱొకటి, పక్కచుట్ట, తినుబండారముల బుట్ట, ఊరగాయల సంచి, నీళ్ళ సంచి, పిల్లవాని బొమ్మల సంచి, ఇట్లు పేరుపేరున ఒక్కొక్కటి.

రైలు మాఱవలసిన జంక్షనులో మా బండి వేఱొక ప్లాటుఫారము మీదికి వచ్చుచున్నదని తెలిసెను. కూలీ ఒక్కడే దొరకెను. తక్కినవి మేమే పంచుకొంటిమి. మా రెండు చేతులయందును సంచులే. పిల్లవానిని కొంగు పట్టుకొని నడువుమంటిమి. జనసమ్మర్దములో వంతెన మెట్లెక్కి దిగి, బండి యొద్దకు చేరి, ఊపిరి తిరుగకముందే సామాను లెక్కపెట్టితిమి. పదునొకండును సరిగానే యుండెను. పిల్లవాడు లేడు.

ఆ తరువాతి పావుగంట యెట్లు గడచినదో వ్రాయుటకు చేయి యాడదు. మా యింటివారు ఒక దిక్కునకు, మేము ఒక దిక్కునకు పరుగెత్తితిమి. తుదకు వంతెన మొదట పండ్లమ్ము ముసలమ్మ యొకతె వానిని తన గంపప్రక్కన కూర్చుండబెట్టుకొని, చేతికి అరటిపండిచ్చి ఓదార్చుచుండెను. మమ్ము చూచి, "సంచులన్నీ మోసుకుపోయారు గాని, బిడ్డను మరిచారేమమ్మా?" అనెను. ఆమె కోపముతో అనలేదు. అయినను ఆ మాట నేటికిని మా చెవులలోనున్నది. బండి వెళ్ళిపోయెను. మఱియొక బండి వచ్చువఱకు ఆ పదునొకండు సామానుల నడుమ, బిడ్డను ఒడిలోనుంచుకొని కూర్చుంటిమి.

మఱుసటియేడు మా అత్తగారు కాశీ, ప్రయాగ, హరిద్వారము, ద్వారక చూడవలెనని కోరిరి. పాఠశాలవారు అమ్మాయికి సెలవిచ్చిరి. సంక్రాంతి వెళ్ళిన మూడవనాడు, 2023 జనవరి 18న, రాజమహేంద్రవరమున రైలెక్కి, ఉగాది ముందునాటికి ఇల్లు చేరునట్లు ఏర్పాటు చేసికొంటిమి. 63 దినములు, నడుమ అమృతసరము, జయపురము, సోమనాథము గూడ. వెళ్ళవలెనని యుత్సాహమే గాని, ఆ జంక్షను కన్నులయెదుట మెదలినప్పుడెల్ల గుండె ఝల్లుమనుచుండెను.

పూర్వము ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న మరల చేరిరి. వారివెంట ఇంచుమించు నూఱుమంది పరివారము, పల్లకీలు, డేరాలు ఉండెను. మోయువారున్నప్పుడు ఎంత సామానైనను చెల్లును. మనకు మోయువారు మనమే.

రైలువారి నియమము చూడబోయినచో, స్లీపరు తరగతిలో ఒక్కొక్కరికి 40 కిలోలవఱకు ఉచితము. అయిదు మొదలు పండ్రెండేండ్లలోపు పిల్లలకు అందు సగము. ఆ లెక్కను మాకు 140 కిలోలు తీసికొనిపోవు హక్కు కలదు! కాని రైలు మోయగలిగినది వేఱు, మెట్లమీద మనము మోయగలిగినది వేఱు. కాబట్టి మేము కిలోలను విడిచి చేతులను లెక్కించితిమి.

మా యిరువురకు చేతులు నాలుగు. అందు రెండు పిల్లలవి. వానిలో సంచి పెట్టరాదు. ఒకటి టిక్కెట్లు చూపుటకో, అత్తగారికి మెట్లమీద ఊతమిచ్చుటకో ఖాళీగా నుండవలెను. ఇక మిగిలినది ఒక్కచేయి, రెండు వీపులు. సామాను వానికి సరిపడవలెనే గాని, సామానునకు మనము సరిపడుట కాదు. ఏ కుటుంబమువారైనను పెట్టె కొనకముందే యీ లెక్క వేసికొనవలెనని మా మనవి.

ఇక పెట్టెల మాట. 1972లో అమెరికాలో బెర్నార్డు శాడో యనునతడు చక్రముల పెట్టెకు పేటెంటు పొందెను. 1987లో రాబర్టు ప్లాతు అను విమానచోదకుడు నిలువుగా ఈడ్చుకొనిపోవు పెట్టెను కల్పించెను. అది నున్నని నేలమీద నడచునంతవఱకు మేలే. కాశీలో ఘట్టములకు పోవు సందులలో మెట్లు, ఱాళ్ళు, ఆవులు, పేడ. అచ్చట చక్రములపెట్టె కేవలము బరువుపెట్టె యగును. అందుచే మేము 40 లీటర్ల వీపుసంచులు రెండు, చిన్న చక్రములపెట్టె యొకటి మాత్రమే తీసికొంటిమి. వీపుసంచికి నడుముపట్టీ యుండవలెను. అప్పుడు బరువు భుజములను వదలి నడుముమీద నిలుచును. నోరు పైన మాత్రమేగాక, పెట్టెవలె ప్రక్కనుండి పూర్తిగా తెఱచుకొనునది మేలు. లేనిచో అర్ధరాత్రి బిడ్డ చొక్కా కొఱకు సంచి యంతయు కుమ్మరింపవలసివచ్చును.

అమ్మాయికి ఒక చిన్నసంచి, పిల్లవానికి మఱింత చిన్నది ఇచ్చితిమి. బడిసంచి బరువు బిడ్డ బరువులో పదవవంతు మించరాదని భారత ప్రభుత్వము వారి 2020 నాటి బడిసంచి విధానము చెప్పుచున్నది. ప్రయాణమునకును అదే మంచి కొలత. అమ్మాయి బరువు 25 కిలోలు. ఆమె సంచి రెండున్నర కిలోలు. అందు పాఠ్యపుస్తకములు, ఒక స్వెటరు. పిల్లవాని సంచిలో ఒక జత బట్టలు, ఒక్క ఏటికొప్పాక లక్కబొంగరము. ఒక్క బొమ్మతో 63 దినములు గడచునా యని భయపడితిమి గాని, ఎక్కడికక్కడ ఆకులు, గులకఱాళ్ళు, తోడిపిల్లలు వానికి బొమ్మలైరి.

బట్టలు మనిషికి మూడు జతలు: ఒంటిమీద ఒకటి, ఉతికినది ఒకటి, ఆఱినది ఒకటి. లావుపాటి స్వెటరు ఒకటికంటె పలుచనివి రెండు మేలు. చలినిబట్టి ఒకదానిమీద ఒకటి తొడుగవచ్చును. టర్కీ తువాళ్ళు మాని పలుచని తుండుగుడ్డలు పెట్టుకొంటిమి. ఉతికిన బట్టను తుండుగుడ్డలో చుట్టి గట్టిగా పిండినచో సగము తడి దానికే పోవును. దండెమునకు నైలానుత్రాడు, ఒక సబ్బుబిళ్ళ చాలును.

తినుబండారములలో మొదటి రెండునాళ్ళకు పులిహోర, వేయించిన అటుకులు, వేరుసెనగ ఉండలు. ఊరగాయకు బదులు కందిపొడి. నాగపురపు ప్రయాణములో ఆవకాయ నూనె కాఱి పట్టుచీర పాడైన సంగతి మఱవలేదు.

అన్నిటికంటె కష్టమైనది వస్తువులు తగ్గించుట కాదు, మనసు నొప్పింపకుండ తగ్గించుట. అత్తగారు ఇత్తడి కుందులు, పంచపాత్ర, గంట, మడిబట్టల మూట అన్నియు తెచ్చి మా ముందు పెట్టిరి. "అత్తయ్యగారూ, ఇవి కొంచెం తగ్గించుకుందామా?" అని మెల్లగా అడిగితిమి.

"ఏమే అమ్మాయీ, కాశీకి పోతూ దేవుణ్ణి ఇంట్లో వదిలి రమ్మంటావా?" అనిరి. ఆ సాయంకాలము మాతో మాటలాడలేదు. మేమును ఏమియు అనలేదు. మఱునాడు తెల్లవాఱి చూతుము గదా, కుందులు, గంట మరల దేవునియఱలో నున్నవి! ఆమె చేత కుంకుమభరిణె, జపమాల, అరచేతియంత పటము మాత్రమే యున్నవి. "మా నాయనమ్మ ఒక మూట, ఒక మరచెంబు పట్టుకుని కాశీ పోయొచ్చింది. ఆ మరచెంబే ఆవిడకి నీళ్ళకీ, పప్పు వండుకోడానికీ. నాకు రాత్రంతా అదే జ్ఞాపకం వచ్చింది" అనిరి. మేము చెప్పవలసిన పాఠమును ఆమె మాకంటె ముందే యెఱుగును. అడిగిన రీతిలోనే మా లోపము. ఆమెను మొదటినుండి ఆలోచనలో చేర్చుకొని యుండవలసినది.

బయలుదేరుటకు మూడుదినములు ముందుగా అన్నియు సర్ది, కాటాతో తూచి, వీపున వేసికొని పిల్లల చేతులు పట్టుకొని మూడంతస్తులు ఎక్కి దిగితిమి. దిగిన వెంటనే ఇస్త్రీపెట్టె, రెండు చీరలు, ఒక జత చెప్పులు బయటికి వచ్చెను. తుదకు వీపుసంచులు ఎనిమిదేసి కిలోలు, చక్రములపెట్టె తొమ్మిది, అమ్మాయిది రెండున్నర, పిల్లవానిది ఒకటి, అత్తగారి చేసంచి ఒకటిన్నర. మొత్తము 30 కిలోలు.

మందులలో మాత్రము తగ్గింపు పనికిరాదు. ఉష్ణమాపకము, వైద్యుడు పిల్లల బరువునుబట్టి మోతాదు వ్రాసి యిచ్చిన జ్వరపు మందు, ఓఆర్ఎస్ పొట్లములు ఉండవలెను. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరమున కలరా చెలరేగినప్పుడు బన్‌గావ్‌లో డాక్టరు దిలీప్ మహలనబీసుగారు ఉప్పును, గ్లూకోజును కలిపిన నీటిని త్రాగించి ఎందఱి ప్రాణములనో నిలిపిరి. ఆ పొట్లము బరువు తులములలో నుండును గాని దాని విలువ యంతింత కాదు. హరిద్వారములో మా పిల్లవానికి రాత్రి విరేచనములు పట్టుకొన్నవి. పొట్లముమీద వ్రాసిన కొలత ప్రకారము, కాచి చల్లార్చిన నీటిలో కలిపి, చెంచాతో కొంచెము కొంచెముగా తెల్లవాఱువఱకు పట్టితిమి. ఉదయమున వైద్యునకు చూపగా, ఆలస్యము చేయక పట్టుట మంచిదైనదనెను. కలిపిన నీరు ఒక దినము దాటినచో పాఱబోయవలెను. బిడ్డ సోలిపోయినను, మూత్రము రాకున్నను, విరేచనములో నెత్తురు కనబడినను పొట్లములను నమ్ముకొని కూర్చుండరాదు, వెంటనే వైద్యునియొద్దకు పోవలెను.

పిల్లల జేబులలో మా ఫోను నంబరు వ్రాసిన చీటీ ఒక్కొక్కటి కుట్టితిమి. పిల్లల సహాయమునకు 1098, రైలు ప్రయాణికుల సహాయమునకు 139 అను నంబర్లు అమ్మాయిచేత కంఠస్థము చేయించితిమి. వీనికి బరువే లేదు.

మేము చేసిన పొరపాట్లును చెప్పవలెను. కాశీలో మాఘమాసపు మంచునకు బట్టలు రెండునాళ్ళయినను ఆఱలేదు. పిల్లవానికి నాలుగవ జత అచ్చటనే కొంటిమి. వేడినీళ్ళకు ఫ్లాస్కు తేకపోవుట తప్పు. దానిని హరిద్వారములో కొంటిమి. గొడుగు మాత్రము ఊరక మోసితిమి. జయపురము చేరునప్పటికి ఎండ ముదిరెను. ఉన్నిబట్టలన్నియు మూటగట్టి తపాలాలో ఇంటికి పంపితిమి. లేనిది దారిలో కొనవచ్చును, తీఱినది దారిలో పంపవచ్చును. ఇంటినుండియే అన్నియు మోసికొనిపోవలసిన యవసరము లేదు.

తిరుగు ప్రయాణములో మరల ఒక జంక్షనులో బండి మాఱవలసివచ్చెను. అవే మెట్లు, అదే జనము. పిల్లవాని చేయి మా చేతిలో నుండెను. వాడు మెట్లు లెక్కపెట్టుచు, తప్పుచు, మరల మొదటినుండి లెక్కపెట్టుచు ఎక్కెను. వానితోపాటు మేమును లెక్కపెట్టితిమి. బండిలో కూర్చుండి సామాను చూచుకొనుట జ్ఞప్తికి వచ్చునప్పటికి బండి కదలినది.

కాశీకి పోయినవారు తమకిష్టమైన కాయనో పండునో అచ్చట వదలివచ్చుట మనవారి ఆచారము గదా. మీరేమి వదలితిరని ఇంటికి వచ్చిన యిరుగుపొరుగువారు అత్తగారిని అడిగిరి. ఆమె నవ్వి, "కాకరకాయ వదిలాను. మిగతావన్నీ బయలుదేరేముందు మా కోడలు ఇంట్లోనే వదిలించింది" అనిరి.

సోదరీమణులారా, మీరును ప్రయాణమునకు పెట్టె తెఱచినప్పుడు మొదట మీ బిడ్డల చేతులకు చోటుంచి, పిమ్మట తక్కినవి సర్దుకొనుడు.