బండి కింద ఓ గంట

సొంత బండి ఉన్నవాళ్లు రెండు రకాలు. బండి నడిపేవాళ్లు కొందరు, బండి మీద బతికేవాళ్లు కొందరు. మొదటి రకం వాళ్లకి ఇంజిన్ ఆయిల్ మార్చడమంటే సర్వీసింగ్ బిల్లులో ఓ లైను, అంతే. రెండో రకం వాళ్లకి అలా కాదు. మదనపల్లె దగ్గర పల్లెలో ఉండే మా అన్నయ్య ఆ రెండో రకం. ఆయనకో పికప్ వ్యాను ఉంది. చుట్టుపక్కల తోటల్లో కోసిన టమోటాలని క్రేట్లకెత్తి మార్కెట్టుకి చేర్చడం పని. బండి వాయిదా, పిల్లల ఫీజులు, అమ్మ మందులు... మా పుట్టింట్లో అన్నీ ఆ నాలుగు చక్రాల మీదే నడుస్తాయి.

వారంటీ ఉన్నన్నాళ్లూ అన్నయ్య బండిని కంపెనీ సర్వీసు సెంటరుకే తీసుకెళ్లాడు. బిల్లులన్నీ ఫైల్లో పెట్టాడు. అది అయిపోయాక మాత్రం ఆయిల్ మార్పు ఇంటి ముందు వేపచెట్టు కిందే. దీనివల్ల మిగిలేదెంత? లేబరు చార్జీ కింద కొన్ని వందలు. ఆయిలూ ఫిల్టరూ ఎలాగూ కొనాల్సిందే. మరి మట్టిలో వెల్లకిలా పడుకుని ఒళ్లంతా మసి పూసుకోవడం ఎందుకట?

దానికి జవాబు మా నాయన దగ్గర మొదలవుతుంది. ఆయనకి ఎద్దులబండి ఉండేది. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి కందెన చేసి, వెదురు గొట్టంలో పోసి బండికి వేలాడదీసుకునేవాడు. దూరం వెళ్లేముందు చక్రం సడలించి ఇరుసుకి తానే పూసేవాడు. పాలేరు చేతికిచ్చేవాడు కాదు. 'చక్రం లాగితేనే ఇరుసు ఎంత అరిగిందో కనపడేది' అనేవాడు. అన్నయ్యదీ అదే లెక్క. కందెన మారింది, చూపు మారలేదు.

ఆముదం అంటే గుర్తొచ్చింది... ఇప్పుడు మనం పెట్రోలు బంకుల్లో, ఆటోమొబైల్ షాపుల్లో చూసే క్యాస్ట్రాల్ పేరు వెనక ఉన్నదీ ఆముదమే. 1909లో బ్రిటన్‌లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ కంపెనీ తన కొత్త ఇంజిన్ ఆయిల్లో ఆముదం కలిపింది. ఆముదాన్ని ఇంగ్లిష్‌లో క్యాస్టర్ అంటారు కదా, దాన్నుంచే ఆ పేరు. మన ఎద్దులబండికీ వాళ్ల మోటారుబండికీ ఒకే గింజ దారి చూపిందన్నమాట!

సెలవుకి ఊరెళ్లినప్పుడు ఆయిల్ మార్చే రోజు కలిసొస్తే టార్చిలైటు పట్టుకోవడం నా వంతు. 'పాపా, ఆ రింగు పానా ఇట్లియ్యి' అని బండి కింద నుంచి చెయ్యొక్కటే బయటికొస్తుంది. తొమ్మిదో తరగతి చదివే మేనల్లుడు తండ్రి పక్కనే బోర్లా పడుకుని ఉంటాడు.

ముందుగా బండిని చదునైన చోట నిలిపి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెడతారు. పికప్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి జాకీ అక్కర్లేదు. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని ఏ బండి కిందకీ దూరకూడదన్నది అన్నయ్య పెట్టిన మొదటి నియమం. ఇంజిన్‌ని కాసేపు తిప్పి ఆపేస్తే ఆయిల్ గోరువెచ్చగా, పలచగా అయి బాగా దిగుతుంది. మరీ వేడిగా ఉంటే చేతులు కాలతాయి. చాంబర్ కింద వెడల్పాటి టబ్బు పెట్టి డ్రెయిన్ నట్ విప్పగానే నల్లటి ధార.

'అత్తా, కొత్త ఆయిల్ పోసిన వారానికే నల్లగా అయిపోతుంది. షాపువాడు మోసం చేశాడేమో' అన్నాడోసారి మావాడు. అన్నయ్య నవ్వాడు. 'నల్లబడితే పని చేస్తా ఉందని రా. చీపురు మాసిందంటే ఇల్లు శుభ్రమైనట్టే కదా!' నిజమే. డీజిల్ మండితే మసి పుడుతుంది. ఆయిల్లో కలిపే రసాయనాలు ఆ మసిని ఇంజిన్ గోడలకి అంటనీయకుండా తమలోనే పట్టి ఉంచుతాయి. రాపిడి తగ్గించడం, వేడిని మోసుకుపోవడం, తుప్పు పట్టకుండా చూడటం... ఇవన్నీ ఆయిల్ చేసే పనులే. కొన్ని వేల కిలోమీటర్లయ్యాక ఆ శక్తి తగ్గుతుంది. అందుకే మార్చడం. ఎన్ని కిలోమీటర్లకన్నది ఒక్కో బండికి ఒక్కో రకం. మాన్యువల్లో ఉంటుంది. మట్టి రోడ్లు, పెద్ద లోడ్లు అయితే అంతకంటే ముందే.

పాత ఫిల్టరు తీసి కొత్తది బిగించేముందు దాని రబ్బరు రింగుకి వేలితో కాస్త కొత్త ఆయిల్ రాస్తారు. ఫిల్టరుని చేత్తో బిగిస్తే చాలు, పానాతో బలం చూపిస్తే మళ్లీసారి ఊడిరాదు. డ్రెయిన్ నట్‌కి కొత్త వాషర్. అదీ అంతే, అతిగా బిగిస్తే చాంబర్ మరలు పోతాయి. ఆ తర్వాత గరాటు పెట్టి ఆయిల్ పోయడం నా పని. ఓ నిమిషం ఇంజిన్ నడిపి, మీటరు దగ్గర ఆయిల్ ఎర్ర లైటు ఆరిందో లేదో, కింద ఎక్కడైనా కారుతోందో చూసి, ఆపి, కాసేపాగి గేజి లాగి చూస్తారు. రెండు గీతల మధ్య ఉండాలి. తక్కువైతేనే కాదు, ఎక్కువ పోసినా ఇంజిన్‌కి చేటే.

డబ్బా మీద 15డబ్ల్యూ-40 లాంటి అంకెలుంటాయి. డబ్ల్యూ అంటే వింటర్. మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. రెండోది వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. అంకె పెద్దదైతే ఆయిల్ మంచిదని కాదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బండ్లు వచ్చాయి కదా, వాటిలో డీజిల్ పొగలోని మసిని ఆపే ఫిల్టరు ఉన్నవాటికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే వాడాలి. పాత బండికి పోసిందే దానికీ పోస్తే ఆ ఖరీదైన ఫిల్టరు పూడుకుపోతుంది. మాన్యువల్లో రాసిన అంకెలూ అక్షరాలూ డబ్బా మీద ఉన్నాయో లేదో చూసుకోవడం ఒక్కటే మార్గం. ఇంకోమాట, ఖాళీ డబ్బాలని మేకుతో పొడిచిగానీ అన్నయ్య పారేయడు. లేదంటే అవే డబ్బాల్లో నకిలీ ఆయిల్ నింపేవాళ్లుంటారు.

ఇదంతా ఓ గంట పని. ఆ గంట విలువేంటో 2023 జూలైలో తెలిసింది. గుర్తుందిగా, మదనపల్లెలో టమోటా కిలో నూటయాభై రూపాయలు దాటిన రోజులవి. పికప్‌లకి రాత్రీ పగలూ లేదు. అలాంటి సమయంలో ఆయిల్ మార్చాల్సిన కిలోమీటర్లు వచ్చాయి. 'పంట తగ్గాక మార్చుకుందాంలే' అని తోటివాళ్లు వాయిదా వేసుకున్నారు. అన్నయ్య ఒప్పుకోలేదు. తెల్లారే ఆయిల్ పోసే మూత విప్పితే లోపల తెల్లటి మీగడలాంటి పూత. గేజి లాగితే నలుపు లేదు, పాలు ఎక్కువైన కాఫీ రంగు. రేడియేటర్లో కూలెంట్ తగ్గింది. హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంట్ ఆయిల్లో కలుస్తోంది!

బండి రెండు రోజులు మెకానిక్ షెడ్డులో ఉండిపోయింది. ఆ సీజన్లో రెండు రోజుల బాడుగంటే మాటలు కాదు. ఇంట్లో ఎవరి ముఖాన కళ లేదు. 'ఇట్లనే ఇంకో నాలుగు లోడ్లు తోలింటే బేరింగులు పోయి, క్రాంకు పట్టేసుండేదన్నా' అన్నాడు మెకానిక్. అది వట్టి బెదిరింపు కాదని నెల తిరక్కుండానే రుజువైంది. మా ఊళ్లోనే మరొకాయన బండి లోడుతో ఎత్తు ఎక్కుతుండగా ఇంజిన్ పట్టేసింది. ఆయిల్ కారిపోతున్న సంగతి ఆయన చూసుకోలేదు. బాగు చేయించడానికి డబ్బుల్లేక బండి ఆగింది. బండి ఆగితే వాయిదాలాగాయి. వాయిదాలాగితే ఫైనాన్సువాళ్లు వచ్చి తీసుకుపోయారు. ఓనరుగా ఉన్న మనిషి ఇప్పుడు వేరేవాళ్ల బండికి దినకూలీ డ్రైవరు. గేజి పుల్ల మీద రెండు గీతల మధ్య ఉండేది ఆయిలొక్కటే కాదు, ఓ కుటుంబం బతుకు కూడా!

సరే, కొత్త ఆయిల్ సంగతి బాగానే ఉంది. మరి టబ్బులో మిగిలిన పాత ఆయిల్?

పల్లెల్లో దానికి గిరాకీ ఎక్కువ. చెదలు పట్టకుండా తలుపులకీ దూలాలకీ పూస్తారు. శ్లాబు వేసేటప్పుడు సెంట్రింగ్ రేకులకి రాస్తారు. గజ్జి పట్టిన కుక్కలకి పూసేవాళ్లూ ఉన్నారు. మిగిలింది కంచె పక్కన పోస్తారు. మా ఇంటికి ఇరవై అడుగుల దూరంలోనే తాగునీటి బోరు. పోసేయడానికి ఓసారి పక్కింటాయన టబ్బు ఎత్తబోతే వదిన అడ్డుపడింది. 'ఇంజిన్ బోరుకు రాకూడదనే కదన్నా ఆయిల్ మార్చేది? ఆ ఆయిల్ మా బోరులోకి పోతే ఏ మెకానిక్ బాగుచేస్తాడు?' అందరూ నవ్వారు గానీ ఆ రోజు నుంచి మా ఇంట్లో చుక్క కూడా నేల మీద పడలేదు.

వదిన మాటలో నిజమెంతో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క చూస్తే తెలుస్తుంది. ఒక్కసారి ఆయిల్ మార్చినప్పుడు వచ్చే పాత ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీళ్లని, అంటే దాదాపు 38 లక్షల లీటర్లని పాడుచేయగలదట. పాత ఆయిల్లో సీసం లాంటి లోహాలు, క్యాన్సర్ కారకాలు ఉండే అవకాశం ఉంది. అందుకే చేతికి గ్లవ్స్ లేకుండా దాన్ని తాకకూడదు. కుక్క ఒంటికి రాయడమైతే వైద్యం కాదు, హింస.

అలాగని అది పనికిరానిదీ కాదు. ఓ బ్యారెల్ ముడిచమురు నుంచి ఎంత కొత్త ఇంజిన్ ఆయిల్ వస్తుందో, నాలుగు లీటర్లలోపు పాత ఆయిల్‌ని శుద్ధిచేస్తే అంతా వస్తుందని అదే సంస్థ చెబుతోంది. మన దేశంలోనూ ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత ఆయిల్ అనుమతి ఉన్న రీసైక్లింగ్ కేంద్రాలకే చేరాలి. ఆయిల్ తయారుచేసి అమ్మే కంపెనీలకి కూడా 2024 ఏప్రిల్ నుంచి ఇందులో బాధ్యత పెట్టారు. పల్లెల్లో సేకరణ కేంద్రాలెక్కడుంటాయి అంటారా? అన్నయ్య మూత గట్టిగా ఉన్న పాత క్యానులో పోసి, 'పాత ఆయిల్' అని పేరు రాసి పక్కన పెడతాడు. నీళ్లూ డీజిలూ అందులో కలవనీయడు. పాత ఫిల్టరుని కూడా రాత్రంతా బోర్లించి, ఒడిసిన ఆయిల్‌ని అందులోనే పోస్తాడు. కొత్త ఆయిల్ కొనడానికి మదనపల్లె వెళ్లినప్పుడు, రీసైక్లింగ్‌కి పంపే సర్వీసు సెంటరులో ఇచ్చి వస్తాడు.

మొన్న వెళ్లినప్పుడు డ్యాష్‌బోర్డులో ఓ నోటుబుక్కు కనిపించింది. తేదీ, కిలోమీటర్లు, పోసిన లీటర్లు, ఆయిల్ రంగు... వరసగా రాసున్నాయి. పాత పేజీలన్నీ అన్నయ్య గీసిన కోడిగీతలు. చివరి రెండు పేజీలు మాత్రం గుండ్రటి అక్షరాలు, మేనల్లుడివి. వాటిలో ఒక గడి ఎక్కువగా ఉంది. 'పాత ఆయిల్ ఎక్కడ ఇచ్చాం?' అని.